పలుపు విప్పే హక్కు మాకివ్వండి: ముంపు పాకల్లో పనిచేసేవాళ్ల బహిరంగ లేఖ

జిల్లాల్లో విపత్తు పనులు చూసే అధికారులకు, పశువైద్యులకు, పాడి ఫారాల యజమానులకు,

నమస్కారం.

బుడమేరు, మున్నేరు వాగుల ఒడ్డునా, కృష్ణ లంకల పక్కనా ఉన్న గేదెల ఫారాల్లో మేం జీతానికి పనిచేస్తాం. పాలు పితకడం, మేత కోయడం, పేడ తీయడం, రాత్రి పాకలోనే మంచం వేసుకుని కాపలా పడుకోవడం మా పని. వానాకాలానికి ముందు చేయాల్సిన ఏర్పాట్ల మీద రెండుసార్లు వినతిపత్రం ఇచ్చాం. ముద్ర వేసి తీసుకున్నారు, జవాబు మాత్రం రాలేదు. అది ఏ కార్యాలయమో ఇక్కడ రాయడం లేదు. ఒక్క కార్యాలయం చేతిలో ఉన్న పని కాదిది. అందుకే అందరికీ కలిపి, అందరూ చదివేలా రాస్తున్నాం.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 నాటి వాన సంగతి మీకు చెప్పక్కర్లేదు. బెజవాడ మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. బుడమేరు మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో నానాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అదే వానకు ఖమ్మంలో మున్నేరు వీధుల్లోకి వచ్చింది. 2005లో కూడా బుడమేరు బెజవాడ మీద పడింది. కాబట్టి మళ్లీ పడుతుందనే లెక్కతోనే మాట్లాడుకుందాం.

ఆ రోజుల్లో పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లతో మనుషులకు అన్నం, నీళ్లు అందించారు. అందుకు మనసారా దండం పెడుతున్నాం. పాకల సంగతి మాత్రం ఎవరి జాబితాలోనూ లేదు. పాకలో ఉండే గేదెకూ లేదు, దాని పక్కన పడుకునే మనిషికీ లేదు. మా మాటలు వరసగా ఇవి.

1. పలుపు, దాని ముడి, దాని మీద అధికారం

గేదెకు ఈత ఎవరూ నేర్పక్కర్లేదు. నీళ్లు వీపు దాటినా ముక్కు పైకెత్తుకుని చాలాదూరం పోగలదు. పాకలో మునిగి చచ్చిపోయిన గేదెను చూడండి, మెడకో ముక్కుకో తాడు ఉంటుంది. మేత వేసే గాడి పక్క గుంజకు రెండు మూరల పలుపుతో కట్టి ఉన్న గేదె, నీళ్లు ఆ తాడు పొడవుకు మించి పెరిగితే తల పైకి ఎత్తలేదు.

కొబ్బరి తాళ్లు పోయి ఇప్పుడన్నీ నైలాన్ పలుపులే. చవక, తొందరగా చీకిపోవు. తడిసిన నైలాన్ ముడికి ఒక గుణం ఉంది. గేదె బెదిరి వెనక్కి గుంజిన కొద్దీ అది లోపలికి కరుచుకుపోతుంది, వేలి గోరు దూరదు, పట్టుకుంటే గులకరాయి పట్టుకున్నట్టుంటుంది. చీకట్లో, నడుము లోతు నీళ్లలో, పక్కన గేదె తల విదిలిస్తుంటే దాన్ని విప్పడం అయ్యే పని కాదు. ముడికి రెండు నిమిషాల చొప్పున వేసుకున్నా నలభై గేదెలకు గంటా ఇరవై నిమిషాలు. నీళ్లు అంతసేపు ఆగవు.

దీనికి చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. మెడ దగ్గర ముడి ఎలా ఉన్నా, గుంజ దగ్గర మాత్రం కొస లాగితే ఊడిపోయే జారుముడే వేయాలి. పది గేదెలకొక కొడవలి చొప్పున, తల ఎత్తులో, ఎర్రగుడ్డ కట్టి వేలాడదీయాలి. పళ్లున్న కొడవలే కావాలి. నున్నటి కత్తి తడి నైలాన్ మీద జారి చెయ్యి కోస్తుంది. గొలుసులున్న చోట స్ప్రింగు కొక్కేలు పెట్టి నెలకోసారి నూనె వేయాలి, లేకపోతే పేడనీళ్లకు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. కొత్తగా పాక కట్టే యజమానులు వరసంతటికీ ఒకే పైపు వేసి, రింగులు దాని మీద జరిగేలా పెట్టి, చివర ఒక పిన్ను ఉంచితే బాగుంటుంది. పిన్ను తీసి తోస్తే వరసంతా ఊడొస్తుంది.

ఈ ముడికంటే గట్టి ముడి ఇంకొకటి ఉంది. పూటకు ఐదారు లీటర్లిచ్చే ముర్రా గేదె లక్ష రూపాయల పైమాటే. విప్పి వదిలాక అది తప్పిపోతే ఆ డబ్బు ఎవరు కట్టాలి? చాలా ఫారాల్లో జీతంలో కోస్తారు. అందుకని పాకలో ఉన్న మనిషి ముందు యజమానికి ఫోన్ చేస్తాడు. యజమాని పట్నంలో ఉంటాడు, అక్కడ వాన అంత కనపడదు, ఇంకో గంట చూడమంటాడు. గంట తర్వాత సెల్ టవరుకు కరెంటు ఉండదు. గేదెలు పోయేది ఆ గంటలోనే. విప్పలేక, వదిలి పోలేక నీళ్లలో నిలబడిపోయిన మనుషులూ అప్పుడే చిక్కుకుంటారు.

మేం అడిగేది: వరద హెచ్చరిక వెలువడ్డాక పాకలో ఉన్న పనివాడు తన బుద్ధికి తోచినట్టు పశువుల్ని విప్పి వదలొచ్చనీ, ఆ కారణంగా పశువు తప్పిపోతే జీతంలో కోత వేయకూడదనీ జిల్లా కలెక్టరు సంతకంతో ఒక ఉత్తర్వు ఇవ్వండి. తెలుగులోనే కాదు, హిందీలో, ఒడియాలో కూడా అచ్చువేసి ప్రతి ఫారం గోడకూ అంటించండి. మా పాకల్లో బీహారు నుంచీ, ఒడిశా నుంచీ వచ్చి పనిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు.

2. పాకదాకా వచ్చే హెచ్చరిక

భద్రాచలంలో గోదావరికి 43, 48, 53 అడుగులు అంటే మొదటి, రెండో, మూడో హెచ్చరిక అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2022 జులైలో అది 71.3 అడుగులకు పోయింది. ఏ అంకె పడితే ఏం సర్దుకోవాలో అక్కడి ఇళ్లలో అందరికీ తెలుసు. బుడమేరు మీది వెలగలేరు రెగ్యులేటరు నుంచి ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారని ఫోనుకు మెసేజీ వస్తే పాకలో ఉన్నవాడికి దాంతో ఏం పని? ఆ నీళ్లు తన గాడిదాకా ఎన్ని గంటల్లో వస్తాయో, ఎంతెత్తు వస్తాయో అతనికి కావాలి.

ఫారాలున్న ప్రతిచోటా దగ్గరి కల్వర్టుకో వంతెన స్తంభానికో మూడు రంగుల గీతలు గీయించండి. పసుపు గీత తాకితే చూడి గేదెలు, నెల లోపు దూడలు, కుంటేవి బయల్దేరాలి, దాణా అటకెక్కాలి. నారింజ గీతకు మంద అంతా కదలాలి. ఎర్ర గీత తాకితే మిగిలిన పలుపులు కోసి, గేటు తెరిచి, మనుషులు వెళ్లిపోవాలి. ఆ గీత దాటాక ఒక్కరు కూడా పాకలో ఉండకూడదు.

గేదెల్ని కదిలించడానికి ఎంతసేపు పడుతుందో మీకు లెక్క తెలియాలి. నలభై గేదెల ఫారంలో ఉండేది ముగ్గురో నలుగురో మనుషులు. ట్రాక్టరు ట్రక్కులో ఐదు గేదెలు పడతాయి. రెండు ట్రాక్టర్లు దొరికితే ఒక్కోటి నాలుగు విడతలు తిరగాలి. ఎక్కించి, దించి, తిరిగి రావడానికి ముప్పావు గంట వేసుకుంటే మొత్తం మూడు గంటలు. ట్రాక్టర్ల కోసం తిరగడానికి ఇంకో గంట, రెండు గంటలు. నడిపిస్తే గంటకు మూడు కిలోమీటర్లకు మించి సాగవు, చూడి గేదెలుంటే అంత కూడా పోవు. దూడల్ని ముందు ట్రక్కులో ఎక్కించి కదిలిస్తే తల్లులు వాటంతట అవే వెనక వస్తాయి. తల్లిని ముందు తోలితే దూడ కోసం వెనక్కి తిరిగి మంద మొత్తాన్నీ చెదరగొడుతుంది. కల్వర్టు మీద మోకాలెత్తు నీళ్లు పారుతుంటే ఇక దాటించకూడదు. గేదె నిలదొక్కుకున్నా మనిషి నిలబడలేడు, నీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైకి తెలియదు.

అందుకే మాకు కనీసం ఆరు గంటల ముందు, అదీ పగటిపూట హెచ్చరిక కావాలి. రాత్రికి ముప్పు ఉండొచ్చన్న అనుమానం ఉంటే సాయంత్రం నాలుగుకే చెప్పండి. చెప్పాక నీళ్లు రాకపోతే మేం తిట్టుకోం. గేదెల్ని మళ్లీ తోలుకొస్తాం.

3. ఎక్కడికి తోలాలి?

కదలమంటారు సరే, ఎక్కడికి? ఇప్పటికైతే మెట్టగా కనపడ్డ రోడ్డు మీదికీ, కాలువ గట్టు మీదికీ తోలుతున్నాం. రోడ్డు మీద లారీలతో ప్రమాదం. నానిన గట్టు మీద వంద గేదెలు తొక్కితే ఆ గట్టుకే ప్రమాదం.

గేదెకు నలభై ఐదు చదరపు అడుగులు వేసుకుంటే వందింటికి పది సెంట్ల మెరక నేల చాలు. మార్కెట్ యార్డో, ఎత్తున్న బడి ఆవరణో, పంచాయతీ దిబ్బో ప్రతి ఊరికీ ఒకటి మే నెలలోపే ఖాయం చేసి, పేరు రాసి బోర్డు పెట్టండి. గేదెకు రోజుకు అరవై, డెబ్బై లీటర్ల నీళ్లు కావాలి. వందింటికి ఆరేడు వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకరు రోజూ ఒకటిన్నర. ప్రాణం నిలబడడానికి ఆరు కిలోల ఎండుగడ్డి వేసుకుంటే రోజుకు ఆరు క్వింటాళ్లు. చుట్టూ వరదే ఉన్నా తాగడానికి ఆ నీళ్లు పనికిరావు. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు అన్నీ అందులోనే కలిసి ఉంటాయి.

2022-26 కాలానికి కేంద్రం ఇచ్చిన విపత్తు సహాయ నిబంధనల్లో శిబిరంలోని పెద్ద పశువుకు రోజుకు 80 రూపాయలు, చిన్నదానికి 45 రూపాయలు అని రాశారు. కిలో దాణా పాతిక రూపాయల పైమాటే. రెండు కిలోల దాణా పెడితే గడ్డికీ, నీళ్లకూ మిగిలేది ముప్పై లోపు. పాలిచ్చే గేదెకు ఇది చాలదని పై ప్రభుత్వాలకు రాయండి. ఈలోగా తేడా ఎవరు భరిస్తారో ముందే తేల్చండి. వరద మధ్యలో ఆ వాదన పెట్టుకుంటే గేదె పస్తుంటుంది.

4. కొండ అంచున ఉన్న పాకలు

మట్టి కొండ అంచును నిలువుగా తవ్వి, ఆ చదునులో రేకుల షెడ్డు వేసుకున్న ఫారాలు చాలా ఉన్నాయి. తవ్విన గోడ ఎండాకాలమంతా నిటారుగా నిలబడుతుంది. రెండు రోజులు విడవకుండా వాన పడితే లోపల నీళ్లు నిండి బరువెక్కి ఒక్కసారి జారుతుంది. దాని పైన పేడకుప్ప, గడ్డివామి పెట్టడం ఇంకా తప్పు. నానిన పేడకుప్ప బరువు, దాన్నుంచి దిగే ఊట రెండూ ఆ అంచు మీదే పడతాయి. పైన వాననీళ్లు పక్కకు పోయేలా అడుగు లోతు కాలువ తవ్వితే ముప్పు కొంత తగ్గుతుంది.

జారబోయే ముందు కొన్ని గుర్తులు కనపడతాయి. కొండవైపు గోడకు కొత్త పగుళ్లు వస్తాయి. కరెంటు స్తంభమో చెట్టో వాలుతుంది. తేటగా వచ్చే ఊటనీళ్లు ఎర్రగా మారతాయి. పారుతున్న వాగు ఉన్నట్టుండి సన్నబడితే పైన మట్టి అడ్డుపడిందని అర్థం, ఆ అడ్డు తెగితే అంతా ఒక్కసారి వస్తుంది. అప్పుడు వాగు వెంట కిందికి పరుగెత్తకుండా పక్కకు, మెరకకు పోవాలి. 2024 జులై 30న వయనాడులో ముండక్కై, చూరల్‌మల మీద కొండ విరిగింది అర్ధరాత్రి దాటాకే. మేం పడుకునే గది ఏ ఫారంలోనైనా కొండవైపు ఉండకుండా, అవతలి చివర ఉండేలా యజమానులు మార్చాలి. కొండ కింద ఉన్న పాకల్ని ఏటా మే నెలలో ఒక ఇంజనీరు వచ్చి చూసి, ఉండొచ్చో ఖాళీ చేయాలో కాగితం మీద రాసివ్వాలి.

బురదలో కూరుకుపోయిన గేదెను తీసే పద్ధతి కూడా అందరికీ నేర్పించండి. మెడకో కాళ్లకో తాడు కట్టి ట్రాక్టరుతో లాగితే తుంటి కీలు ఊడుతుంది, మెడ నరాలు పోతాయి. బయటికి వచ్చినా లేవదు. బురద పట్టు ముందు వదిలించాలి. కాళ్ల చుట్టూ పారతో తీస్తూ, సన్నటి పైపును కాలి వెంట లోపలికి దించి నీళ్లు వదిలితే పట్టు సడలుతుంది. నాలుగు అంగుళాల వెడల్పుకు తగ్గని పట్టా ఒకటి ముందు కాళ్ల వెనక నుంచి రొమ్ము చుట్టూ, ఇంకొకటి తొడల వెనక నుంచి వేయాలి. ముందు చెక్కలు పరిచి, మనుషులే మెల్లగా పక్కకు వాల్చి జరపాలి. పాత ఫైరింజను గొట్టం ఈ పనికి భేషుగ్గా ఉంటుంది. మండలానికి రెండు జతల పట్టాలు, నాలుగు చెక్కలు, ఒక చిన్న పంపు ఉంచితే చాలు.

5. నీళ్లు తీశాక మొదలయ్యే చావులు

వార్తల్లో వరద అయిపోయాక మా పని మొదలవుతుంది. రెండు మూడు పూటలు పాలు తీయని గేదె పొదుగు ముట్టుకుంటే ఇటుకలా గట్టిగా, వేడిగా ఉంటుంది, చెయ్యి వేస్తే తన్నుతుంది. బురదలో పడుకున్నందుకు చన్నుల చివర్ల నుంచి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. ఆ పొదుగువాపుకు అశ్రద్ధ చేస్తే ఒక చన్ను శాశ్వతంగా మూసుకుపోతుంది. నాలుగు చన్నుల్లో ఒకటి పోయిన గేదె చచ్చిన లెక్కలోకి రాదు, పరిహారమూ రాదు. అమ్మబోతే సగం ధర కూడా పలకదు.

అప్పుడు పాలు ఇలా తీయాలి. ముందు కాళ్లు, పొట్ట కింద బురద పైపుతో కడగాలి. పొదుగు మీద మాత్రం నీళ్లు కుమ్మరించకూడదు, మురికంతా చన్ను కొసకు దిగుతుంది. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. గేదెకొక గుడ్డ, ఒకదానిది ఇంకొకదానికి వాడొద్దు. ప్రతి చన్నులో మొదటి నాలుగు ధారలు నల్లటి గిన్నెలోకి తీసి చూడాలి. విరుగుళ్లు, పసుపు నీరు, ఎర్ర చాయ కనపడితే ఆ గేదెను చివరికి ఉంచాలి. బాగున్నవాటి పాలు ముందు తీయాలి. ఆ చెడ్డ పాలు అమ్మకూడదు, అయినా పొదుగు మొత్తం ఖాళీ చేయాల్సిందే. తీశాక చన్నుల్ని అయొడిన్ ద్రావణంలో ముంచి, అరగంట పడుకోకుండా ముందు మేత వేయాలి, చన్ను రంధ్రం మూసుకోవడానికి అంతసేపు పడుతుంది. పాలు తీసే మిషన్లున్న ఫారాల్లో వ్యాక్యూమ్ పంపు, జనరేటర్ నేల మీదే ఉంటున్నాయి. వాటిని నాలుగడుగుల దిమ్మ మీదికి ఎక్కించండి. కరెంటు లేక యాభై గేదెల్ని నలుగురు చేత్తో పితకాలంటే చాలాసేపు పడుతుంది, చివరి గేదె అంతసేపూ పొదుగు నొప్పితో నిలబడాలి.

పాక కడగడంలో జరిగే తప్పు ఒకటి చెప్పాలి. బురద మీదే బ్లీచింగ్ చల్లి వెళ్లిపోతున్నారు. పేడ, బురద ఉన్నచోట క్లోరిన్ క్షణాల్లో నీరుగారిపోతుంది. ముందు పారతో గీకాలి, నీళ్లతో కడగాలి. తర్వాత లీటరుకు 40 గ్రాముల చొప్పున బట్టల సోడా కలిపి రుద్ది, ఆరాక సున్నం వేయాలి. బస్తాల లెక్కన బ్లీచింగ్ ఇచ్చే బదులు పారలు, ఒక మోటారు, పది మంది కూలీలను ఇస్తే మేలు.

గొంతువాపు గురించి పశువైద్యులకు మేం చెప్పేది ఏమీ లేదు. ఉదయం జ్వరం, మధ్యాహ్నం గొంతు కింద వాపు, గురక, మర్నాటికి గేదె ఉండదు. టీకా పట్టడానికి రెండు మూడు వారాలు కావాలి కాబట్టి వరదొచ్చాక హడావుడిగా వేస్తే ఆ మూడు వారాలూ దేవుడే దిక్కు. మే నెల దాటకుండా ప్రతి ముంపు ఊళ్లో గొంతువాపు, జబ్బవాపు టీకాలు పూర్తిచేయండి, గొర్రెలకు చిటుకు టీకా కూడా.

6. మేత

నానిన వరిగడ్డి వామి పైకి మామూలుగా కనపడుతుంది. చెయ్యి లోపలికి పెడితే పొగలు వచ్చేంత వేడి. నాలుగో రోజుకు తెల్లటి, పచ్చటి బూజు. ఆ గడ్డి, ఆ పత్తిచెక్క, ఆ వేరుశనగచెక్క తిన్న గేదె పాలల్లోకి అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం దిగుతుంది. పాలు మరిగించినా అది పోదు. అందుకని ఇది పట్నంలో పాలు తాగే పిల్లల సంగతి కూడా. ఎండబెట్టి వేయొచ్చు కదా అని అంటారు. బూజు పట్టకముందు రెండు ఎండలు తగిలితే వేయొచ్చు, పట్టాక కుదరదు.

గడ్డి పక్కనే మేత చేలకు తెచ్చిన యూరియా బస్తాలు ఉంటాయి. అవి మునిగితే కరిగి గుంటనీళ్లలో, గడ్డిలో కలుస్తాయి. దప్పికతో ఉన్న గేదె అవి తాగితే పొట్ట ఉబ్బి, వణికి, గంటల్లో పడిపోతుంది. యూరియా, పురుగుమందులు పాకలో ఉంచకూడదని యజమానులకు గట్టిగా చెప్పండి. వరద తగ్గిన రెండో రోజుకల్లా మెట్ట జిల్లాల నుంచి పొడిగడ్డి లారీలు కదిలేలా, ఏ ఊరికి ఎన్ని టన్నులో ముందే రాసుకోండి. నలభై గేదెలకు వారానికి పదిహేడు క్వింటాళ్లు పడుతుంది.

7. కళేబరం, కాగితం

డెల్టాలో సెప్టెంబరులో ఎక్కడ తవ్వినా ఐదడుగులకే నీళ్లు పడతాయి. నాలుగైదు వందల కిలోల గేదెను పాతడానికి ఎనిమిదడుగుల గుంట కావాలి. నీళ్లలో పాతింది ఉబ్బి రెండో రోజుకు పైకి తేలుతుంది, ఊరి బోర్లన్నీ చెడతాయి. మెరక స్థలం, జేసీబీ, సున్నం ముందే ఖాయం కావాలి. ముక్కు నుంచీ, వెనక నుంచీ గడ్డకట్టని నల్లరక్తం కారితే దొమ్మ (ఆంత్రాక్స్) అనుమానించాలి. అలాంటిదాన్ని కోయొద్దు, తోలు తీయొద్దు, డాక్టరు వచ్చేదాకా ముట్టుకోవద్దు. 1962కు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య వాహనం నీళ్లు దాటి రాలేదు కాబట్టి ఆ వారం రోజులు ఫోన్లో సలహా ఇచ్చే డాక్టరు నంబరు ఒకటి ఊరికి ఇవ్వండి.

ఇక కాగితం. పరిహారానికి పంచనామా, ఫొటో, చెవి పోగు నంబరు అడుగుతారు. ప్రవాహంలో కొట్టుకుపోయిన గేదెకు కళేబరం ఎక్కడి నుంచి తేవాలి? ఎర్ర గీత తాకినప్పుడు విప్పి వదిలిన గేదెకూ ఇదే చిక్కు. పాకలో కట్టి ఉంచి చంపితే డబ్బులొస్తాయి, విప్పి వదిలితే రావు అన్న లెక్క యజమాని మనసులో ఉన్నంతకాలం మా చేతులు కట్టేసినట్టే. ఏటా జూన్ ఒకటికల్లా ప్రతి పాడి పశువునూ పన్నెండంకెల చెవి పోగు నంబరుతో సహా ఫొటో తీసి గ్రామంలోని పశుసంవర్ధక సహాయకుల దగ్గర ఉంచండి. వరద తర్వాత ముప్పై రోజుల్లో దొరకని పశువును ఆ రికార్డు ఆధారంగా చనిపోయినట్టే లెక్కించండి.

ముందు చెప్పిన 2022-26 విపత్తు సహాయ నిబంధనల్లో చనిపోయిన పాడి పశువుకు 37,500 రూపాయలు, కుటుంబానికి మూడింటికే పరిమితి అని రాశారు. 2024లో రాష్ట్రం 50 వేలకు పెంచి ప్రకటించింది, సంతోషం. మూడింటి పరిమితి వల్ల ఎనిమిది, పది గేదెలతో బ్యాంకు అప్పు మీద బతికే రైతు మునుగుతున్నాడు. అతను మునిగితే మొదట ఆగేది మా జీతం.

8. పాకలో ఉండే మనిషి

2024లో మునిగిన ఇళ్లకు కింది అంతస్తుకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ఇచ్చారు. పాకకు డోర్ నంబరు ఉండదు. అందులో పడుకునే మనిషికి ఆ ఊరి రేషన్ కార్డు ఉండదు. ట్రంకుపెట్టె, దుప్పటి, వంట సామాను, ఆధార్ కాగితం అన్నీ పోయినా అతను ఏ లెక్కలోనూ మునగలేదు. ఫారం మూతపడితే నెలా రెండు నెలలు కూలీ లేదు. జీవనోపాధి దెబ్బతిన్న కుటుంబానికి ఉపాధి హామీ కూలి లెక్కన రోజువారీ సాయం ఇవ్వొచ్చని విపత్తు నిబంధనల్లో ఉంది. ఆ వరుసలో పశువుల ఫారాల కూలీలను పేరుపెట్టి చేర్చండి. యజమాని ఇచ్చే ధ్రువీకరణ, లేదా పాలకేంద్రం పుస్తకంలో పేరు సరిపోతుందని చెప్పండి.

ఆరోగ్యం మాట. ఎలుక మూత్రం కలిసిన బురదలో పగిలిన కాళ్లతో పది రోజులు తిరిగితే లెప్టోస్పైరోసిస్ పట్టుకుంటుంది. జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడడంతో మొదలై కిడ్నీల దాకా పోతుంది. బురదలో పనిచేసినన్నాళ్లూ వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ డాక్టరు చూసి ఇస్తే చాలావరకు తప్పుతుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు అది పనికిరాదు కాబట్టి మందుల సంచి పంచి పోకుండా ఒక నర్సు పాకల దగ్గరికి రావాలి. ధనుర్వాతం సూది, మోకాలి బూట్లు, చేతి తొడుగులు కావాలి. గడ్డివాముల్లోకి తాచులు, రక్తపింజర్లు చేరతాయి. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో పాము విషానికి ఇచ్చే మందు వరద వారమంతా ఉండేలా చూడండి.

మునిగిన గడ్డి మిషను, నీళ్ల మోటారు ఎండిందనుకుని స్విచ్చు వేసి కరెంటుకు పోయినవాళ్లున్నారు. ఎలక్ట్రీషియన్ మెగ్గరు మీటరు పెట్టి ఇన్సులేషన్ చూడకుండా ఏ మోటారూ వేయకూడదని, ఫారానికి లైను ఇచ్చే ముందే లైన్‌మెన్ చూసి సంతకం చేయాలని ఆదేశమివ్వండి. పేడ గుంటలు, గోబర్ గ్యాస్ తొట్లు నీళ్ల కింద కనపడవు. వాటి నాలుగు మూలలా ఆరడుగుల కర్రలు పాతి ఉంచడం యజమానుల బాధ్యత.

ఇన్ని అడిగారేమిటని అనుకోవద్దు. పెద్ద ఖర్చున్నవి నాలుగే: మెరక స్థలం, గడ్డి, టీకా, మాకు కూలి సాయం. మిగతావి చాలావరకు కాగితం మీద సంతకాలు, గోడల మీద గీతలు. మే నెలాఖరులోపు ఒక రోజు మా ఊళ్లకు వచ్చి, పాకల మధ్య కూర్చుని, ఏది ఒప్పుకుంటారో ఏది కుదరదో చెప్పండి. కుదరనివి ఎందుకు కుదరవో రాసివ్వండి.

జారుముళ్లు వేయడానికీ, కొడవళ్లు వేలాడదీయడానికీ, పేడ గుంటల చుట్టూ కర్రలు పాతడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు కనుక ఆ పని ఈ వారమే మొదలుపెడుతున్నాం. నీళ్లు వచ్చిన రాత్రి ఆ కొడవలి అందుకోవడానికి మాత్రం మీ ఉత్తర్వు కావాలి.

ఇట్లు,
బుడమేరు, మున్నేరు, కృష్ణ లంకల పక్క గేదెల ఫారాల్లో పనిచేసేవాళ్లం